గాజుతీఁగయు, దాఁచుకొన్న కల్యాణమును



మా తండ్రిగారు రేడియోపెట్టెకై ఏఁటేఁట తపాలాకచేరికిఁ బోయి లైసెన్సు రుసుము చెల్లించి వచ్చెడివారు. ఆ చిన్న పుస్తకము మా యింట భూమి దస్తావేజులతోఁ గూడ భద్రముగా నుండెడిది. రేడియోకు రెండే మీటలు. ఒకటి త్రిప్పినచో ధ్వని హెచ్చును. రెండవది త్రిప్పినచో స్టేషను మాఱును. అంతకుమించి నేర్వవలసినది లేదు. మోసపోవుటకును అందుఁ జోటు లేదు. నేఁడు మన యిండ్లకు వచ్చుచున్న తీఁగలును, పెట్టెలును అట్టివి కావు.

గడచిన యాఱు నెలలలో మా వీథిలోనికి మూఁడు సంస్థలవారు తీఁగలు లాగిరి. యువకులు వచ్చి, అరుగులమీఁదఁ గూర్చున్న వృద్ధులను బలుకరించి, “తాతగారూ, మేము నూరు ఇస్తాము, ఎదుటివాళ్ళు యాభైయే ఇస్తున్నారు” అని చెప్పి, ఆధార్ కార్డు ఛాయాచిత్రము తీసికొని, సంతకము చేయించుకొని పోయిరి. వారు వెడలిన పిమ్మట మా యెదురింటి రైతుపెద్ద నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, నూరు నూరంటున్నారు, ఏమిటండీ నూరు? రూపాయలా, గజాలా?” అని యడిగెను. నలువది సంవత్సరములు పిల్లలకుఁ బాఠములు చెప్పిన నాకు అంత సూటియైన ప్రశ్న తఱచుగా నెదురుపడలేదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయు, దానితోఁబాటు టెలివిజనులో వచ్చు కార్యక్రమములను దాఁచుకొను విధమును వివరించుటయు నేఁటి నా ప్రసంగమునందలి విషయము.

ఆ నూఱు మెగాబిట్టులు. సెకనుకు నూఱు మెగాబిట్టులు తీఁగలోఁ బ్రవహింపఁగలవని దాని యర్థము. కాలువకు తూము వెడల్పు చెప్పినట్టిదే యిదియు. ఇందొక చమత్కారము గలదు. వ్యాపారులు వేగమును బిట్టులలోఁ జెప్పుదురు. సరుకును బైటులలోఁ గొలుతురు. ఎనిమిది బిట్టులు చేరిన నొక బైటు. కావున నూఱు మెగాబిట్టుల తీఁగలో సెకనుకు వచ్చు సరుకు పండ్రెండున్నర మెగాబైటులే. ఇది మోసము కాదు, రెండు కొలతలు. కాని ఆ సంగతి యెఱుఁగనివానికి నూఱు అనునది పెద్దసంఖ్యగాఁ గనఁబడుట సహజము.

మనకుఁ గావలసినది యెంత? దూరదేశమున నున్న కుమారునితో ముఖము జూచుచు మాటలాడుటకు రెండు మూఁడు మెగాబిట్టులు చాలును. స్పష్టమైన చలనచిత్రమునకు ఐదాఱు. మిక్కిలి సూక్ష్మముగాఁ గనఁబడు 4కే అను పెద్దతెఱ చిత్రమునకు ఇరువదియైదు వఱకుఁ గావలసివచ్చును. అట్టి తెఱ మన యిండ్లలో నెందఱికున్నది? భారతప్రభుత్వము 2004లో బ్రాడ్‌బ్యాండ్ అను పేరు పెట్టుకొనుటకు 256 కిలోబిట్టులు చాలునన్నది. 2013లో దానిని 512 చేసినది. 2023 జనవరిలో 2 మెగాబిట్టులుగా నిర్ణయించినది. భార్యాభర్తలు, ఒక మనుమఁడు, ఒక టెలివిజను ఉన్న యింటికి ముప్పది మెగాబిట్టులు పుష్కలము. ఇన్నూఱు కొనుట వద్దని నేననను. ధనము గలవారు కొనవచ్చును. కాని వేగమును జూచి సంస్థ నెన్నుకొనుట, ఎద్దు కొమ్ముల రంగును జూచి బేరమాడుటవంటిది.

నా యనుభవ మొకటి చెప్పెదను. మా చిన్నకుమారుఁడు దూరదేశమున నున్నాఁడు. మూఁడేండ్ల క్రిందట వానికిఁ బుత్త్రుఁడు గలిగెను. పదునొకండవ దినమున నామకరణము. ఇక్కడినుండి నేను మంత్రము చెప్పవలెననియు, అక్కడ వాఁడు బియ్యములోఁ బేరు వ్రాయవలెననియు నిశ్చయించుకొంటిమి. మా యింట నున్నది నూఱు మెగాబిట్టుల తీఁగ. సంవత్సరమునకు సరిపడ సొమ్ము ముందుగానే చెల్లించియుంటిమి. ఆ వారమున గాలివానకు చెట్టుకొమ్మ పడి తీఁగ తెగెను. సంస్థవారికిఁ జెప్పితిమి. “రేపు వస్తా”మనిరి. ఆ రేపు పదునొకండు దినములకు వచ్చెను. నామకరణము నాఁటి ప్రాతఃకాలమున నేను పట్టుపంచె కట్టుకొని, ప్రక్కయింటివారి పశువులపాక దగ్గఱకుఁ బోయి, సెల్‌ఫోను సంకేతము బాగుగా నందునది అచ్చటనే కావున, ఆవులమధ్య నిలిచి మంత్రము చెప్పితిని. గోసన్నిధి పుణ్యప్రదమని మా యావిడ నన్ను ఓదార్చెను. నిజమే. కాని మనుమని చెవిలోఁ బేరు చెప్పుసమయమున బొమ్మ ఆఁగిపోయి, వాని పేరు నేను వినలేదు. సాయంకాలము టెలిఫోనులోఁ దెలిసికొంటిని.

కావున తీఁగ నెన్నుకొనునపుడు నేను మొదట నడుగు ప్రశ్న వేగమును గుఱించినది కాదు. “ఇది తెగినచో ఎవరు వచ్చెదరు? ఆయన యే యూరివాఁడు? నిచ్చెనయు, అతుకు యంత్రమును ఆయనయొద్ద నున్నవా, పట్టణమునుండి తెప్పించవలెనా?” ఈ ప్రశ్నను అమ్మవచ్చినవానిని కాదు, ఇదివఱకే ఆ తీఁగను దీసికొన్న యిరుగుపొరుగువారి నడుగవలెను. గత వర్షకాలమున ఎన్నిమాఱులు నిలిచినది, ఎన్నిదినములకు బాగుచేసిరి అని ఇద్దఱు ముగ్గురి నడిగినచో నిజము బయటపడును. మండల కేంద్రమున మనిషి గల సంస్థ ముప్పది మెగాబిట్టులిచ్చినను, మనిషి లేని సంస్థ మున్నూఱిచ్చుటకంటె మేలు.

ఇఁక తీఁగలలో భేదములు. నేఁడు శ్రేష్ఠమైనది గాజుతీఁగ; దానినే ఫైబరు అందురు. తలవెండ్రుక యంత సన్నని గాజుపోఁగులో వెలుఁగు పరుగెత్తును. ఆ వెలుఁగే వార్తను మోయును. వంకరపోయిన గాజులో వెలుఁగు బయటికిఁ జిందక ఏల సాగిపోవును? లోపలిగోడకు ఏటవాలుగాఁ దగిలిన కిరణము మఱల లోనికే త్రిప్పికొట్టఁబడును గనుక. పంజాబులోని మోగాలోఁ బుట్టిన నరీందర్ సింగ్ కపానీ గారు 1950 దశకమున గాజుపోఁగుల కట్టద్వారా చిత్రమును బంపి చూపినవారిలో నొకరు. 1966లో చార్లెస్ కావో గారు గాజును శుద్ధముగాఁ జేసినచో వార్తలు మిక్కిలి దూరము పోఁగలవని నిరూపించి, 2009లో నోబెలు బహుమానము పొందిరి. మన యరుగుమీఁదుగాఁ బోవు నల్లని తీఁగలో నింత చరిత్ర యున్నది.

ఈ గాజుతీఁగను గ్రామపంచాయతులవఱకుఁ గొనిపోవలెనని కేంద్రప్రభుత్వము 2011లో నొక పథకమునకు అనుమతి నిచ్చినది. అదియే తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చుకొన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విద్యుత్ స్తంభములమీఁదుగా తీఁగలు లాగి, ఫైబర్‌నెట్ అను పేరుతో ఇంటర్నెట్టును, టెలివిజనును, టెలిఫోనును ఒక్క తీఁగలోనే యిచ్చు ఏర్పాటు చేసినది. దానిని 2017 డిసెంబరు 27న నాఁటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. అప్పుడు నెలకు 149 రూపాయల వెలయని విని మావంటివారు ఆశ్చర్యపడితిమి. అయితే పంచాయతి కార్యాలయమువఱకు వచ్చిన తీఁగ మీ యింటివఱకు వచ్చినట్లు కాదు. చెఱువు నిండినంతమాత్రమున చేను తడియదు గదా! ఆ కడపటి నూఱుగజముల తీఁగ ఎవరు లాగుదురో, ఎవరు కాపాడుదురో అదియే ముఖ్యము. పెక్కు గ్రామములలో ఆ పని చేయువాఁడు మన పాత కేబులు ఆపరేటరే. ఆయన మనకెదురుపడువాఁడు, పండుగకు మామూలు అడుగువాఁడు. కోపము వచ్చినచో నిలువఁదీసి యడుగవచ్చును. ఇది చిన్న గుణము కాదు.

తీఁగలేకయే సెల్‌ఫోను స్తంభమునుండి యిల్లంతటికి ఇంటర్నెట్టునిచ్చు పెట్టెలు 2023నుండి మన ప్రాంతములందును వచ్చినవి. తీఁగ రాని తోటయిండ్లకు, పొలములోని యిండ్లకు ఇవి మంచివి. కాని స్తంభము దూరమైనను, నడుమ తాళ్ళతోపు దట్టమైనను వేగము తగ్గును. సాయంకాలము అందఱు నొక్కమాఱు వాడినచో మఱియుఁ దగ్గును. కొనకముందే ఆ సంస్థవారి సిమ్‌కార్డు గల సెల్‌ఫోను నొకదానిని తెప్పించి, రాత్రి ఎనిమిదిగంటలకు మీ యింటిలో పరీక్షించి చూడుఁడు. పగలు పదిగంటలకు చేసిన పరీక్ష పరీక్ష కాదు. వచ్చు వేగమేకాక పోవు వేగమునుగూడ చూడవలెను. మన ముఖము అవతలివారికిఁ గనఁబడుటకు పోవు వేగమే యాధారము.

గాజుతీఁగ పెట్టెమీఁద చిన్న దీపములు వెలుఁగుచుండును. వానిలో ఎల్ ఓ ఎస్ అను నక్షరముల క్రింద ఎఱ్ఱదీపము మినుకుమినుకుమన్నచో వెలుఁగు మన యింటికి చేరుటలేదని యర్థము. తీఁగ యెచ్చటనో తెగినది, లేక మడఁత పడినది. అప్పుడు పెట్టెను పదిమాఱులు ఆర్పి వెలిగించినను ప్రయోజనము లేదు. వెనుకనున్న చిన్నరంధ్రములో సూదితోఁ బొడుచుట యంతకంటెఁ గీడు. ఆపరేటరుకుఁ గబురుచేయుటయే కర్తవ్యము. ఎఱ్ఱదీపము లేక ఇంటర్నెట్టు రాకపోయినచో, ఒకమాఱు స్విచ్చి ఆర్పి, రెండు నిమిషములుండి వెలిగించినచో పెక్కుసారులు సరియగును. ఈ యొక్క భేద మెఱిఁగిన వృద్ధుఁడు మనుమని రాకకై యెదురుచూడ నక్కఱలేదు. గాజుతీఁగను మంచపుకోటికిఁ జుట్టరాదు. అరచేతి వెడల్పుకంటెఁ జిన్న చుట్టగాఁ జేయరాదు. ఎలుకలు కొఱుకును, కోఁతులు లాగును. అది మన చేతిలో లేదు. తెగిన కొనను కంటి కెదురుగాఁ బెట్టుకొని చూడరాదు. అందలి వెలుఁగు కంటికిఁ గనఁబడదు గాని కంటికిఁ గీడు చేయఁగలదు. తెగిన గాజుముక్కలు వట్టికాళ్ళకుఁ గ్రుచ్చుకొనును. పిల్లలను దూరముగా నుంచుఁడు.

సొమ్ము విషయము. పత్రికలో ముద్రించిన వెలకు నూటికి పదునెనిమిది వంతున జీఎస్టీ చేరును. 399 రూపాయలనినచో మీరు చెల్లించునది 470 రూపాయల 82 పైసలు. “ఆఱు నెలలు కట్టినచో నెల యుచితము, సంవత్సరము కట్టినచో మూఁడు నెలలుచితము” అందురు. తొలి మూఁడు నెలలు మాత్రము నెలనెలకే కట్టుఁడు. ఒక గాలివాన గడచునంతవఱకు ఆఁగుఁడు. ముందుగాఁ జెల్లించినవాఁడు అడుగుటకు వెనుదీయును. నెలనెల చెల్లించువాని మాటకు విలువ యెక్కువ. పెట్టె మనదా, సంస్థదా? సంస్థదైనచో ధరావతు సొమ్ము ఎంత, మానుకొన్నప్పుడు తిరిగి యిచ్చెదరా? రసీదు తీసికొని యుంచుకొనుఁడు. “అపరిమితము” అను ప్లానుకుఁ గూడ పరిమితి యుండును. అది దాఁటిన పిమ్మట వేగము తగ్గింతురు. చలనచిత్రము గంటకు రెండు మూఁడు జీబీ లాగును గనుక, ముసలిదంపతులకు ఆ హద్దు తగులుట యరుదు. ఫిర్యాదు చేసినప్పుడు నోటిమాటతోఁ గాక ఫిర్యాదు సంఖ్యను అడిగి వ్రాసికొనుఁడు. సంస్థవారు వినకున్నచో ఆ సంఖ్యతో సంస్థయందలి యప్పీలు అధికారికిఁ జెప్పుకొనవచ్చును. జాతీయ వినియోగదారుల సహాయసంఖ్య 1915 కలదు. నా పదునొకండు దినముల వ్యవహారములో నావద్ద సంఖ్య లేదు. ఫోనులో విన్న “రేపు” అను మాట తప్ప నాకు సాక్ష్యము లేకపోయెను. తప్పు కొంత నాదియే.

వైఫై అనునది యింటిలోపల తీఁగ లేకుండ వ్యాపించు భాగము. మన పాతయిండ్ల గోడలు రెండడుగుల మందము. రూటరును ముందుగదిలో ఇనుపబీరువా వెనుక నుంచి, వంటయింటిలో సంకేతము రాలేదని సంస్థను నిందించినవారిని నే నెఱుఁగుదును. దానిని ఇంటినడుమ, మనిషి తలయెత్తున, ఎదురుగా ఇనుము లేనిచోట నుంచవలెను. కొన్ని రూటర్లు రెండు పేరులతో రెండు సంకేతముల నిచ్చును: 2.4 అను అంకెగలది గోడలను దాఁటును, 5 అను అంకెగలది వేగము గలదికాని గోడకు లొంగిపోవును. వెనుకగదికి మొదటిదే శరణ్యము. కరెంటు పోయినప్పుడు రూటరు చచ్చిపోవును. ఇన్వర్టరు లేనివారు రూటరుకు మాత్రము సరిపడు చిన్న బ్యాటరీపెట్టెను కొనుక్కొనవచ్చును.

ఇంతవఱకు ఇంటర్నెట్టు. ఇఁక టెలివిజను.

మన పల్లెలకు టెలివిజను పట్టణములద్వారా రాలేదని కుఱ్ఱవారు నమ్మరు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు అమెరికావారి యుపగ్రహము నొకదానిని ఎరవు తెచ్చుకొని, ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకుఁ దిన్నగా కార్యక్రమములను బంపిరి. అందు ఆంధ్రప్రదేశము నొకటి. హైదరాబాదు నగరమునకు దూరదర్శన్ కేంద్రము 1977లోఁ గాని రాలేదు! తరువాత కేబులు వచ్చినది. 2012 మొదలు 2017 వఱకు దశలవారీగా కేబులు ప్రసారములన్నియు డిజిటలు పద్ధతికి మాఱినవి. అందుచేతనే ప్రతియింట సెట్ టాప్ బాక్సు అవసరమైనది. 2019 ఫిబ్రవరినుండి మనమడిగిన ఛానళ్ళకే వెల చెల్లించు హక్కు మనకుఁ గలిగినది. ఐనను ఆపరేటరు కట్టియిచ్చిన మూటనే మనము దీసికొనుచున్నాము. ఒకసారి జాబితా తెప్పించి చూడుఁడు. ఒక భక్తి ఛానలు, రెండు వార్తల ఛానళ్ళు, సప్తగిరియో యాదగిరియో చూచెడి వృద్ధులు పదునెనిమిది క్రీడల, సినిమాల ఛానళ్ళకు సొమ్ము చెల్లించుట నేను జూచితిని. అంతమాత్రము చాలునన్నవారు దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్‌ను ఆలోచింపవచ్చును. గిన్నె, పెట్టె కొనుట కొకమాఱు వ్యయము. నెలసరి చందా లేదు.

కార్యక్రమమును దాఁచుకొనుట యన్నది నాకు మా యక్కయ్యవలన నవసరమైనది. ఆమెకు ఎనుబదిరెండేండ్లు. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము చూడవలెనని కోరిక. భద్రాచలములో కల్యాణము నవమినాఁడు మధ్యాహ్నము జరుగును. ఒంటిమిట్టలో రాత్రివేళ, వెన్నెలలో. ఎనిమిది కాఁగానే అక్కయ్య నిద్రించును. “రాత్రిదాన్ని పొద్దున చూపించరా” అని నన్నడిగెను. అడిగినది చిన్నకోరిక, తీర్చుటకు నాకు రెండేండ్లు పట్టినది.

దీనికి మొదట, మన సెట్ టాప్ బాక్సు రికార్డింగు చేయఁగలదా యని తెలిసికొనవలెను. వెనుకనో, ముందునో పెన్‌డ్రైవు గ్రుచ్చు రంధ్రము కనఁబడినంతమాత్రమునఁ జేయఁగలదని నమ్మరాదు; కొన్నిటిలో అది ఉత్తసాఁకు మాత్రమే. రిమోటుమీఁద ఎఱ్ఱచుక్కతో ఆర్ ఇ సి అను మీట యున్నదా చూడుఁడు, ఆపరేటరును “మీ పెట్టెలో రికార్డింగు తెఱచి యున్నదా?” యని స్పష్టముగా నడుగుఁడు. సామాన్య ఛానలు గంటకు దాదాపు ఒక జీబీ పట్టును. హెచ్‌డీ ఛానలు మూఁడు నాలుగు జీబీ. కావున 32 జీబీ పెన్‌డ్రైవు సామాన్య ఛానలుకు ముప్పది గంటలకు సరిపోవును. పెక్కు పెట్టెలలో ఒక ఛానలును రికార్డు చేయునప్పుడు మఱొకటి చూచుటకు వీలులేదు. ఆ సంగతి యింటిలోనివారికి ముందుగాఁ జెప్పనిచో సీరియలు సమయమునఁ గలహము తప్పదు.

మొదటియేఁట నేను సమయము నిర్ణయించి పెట్టితిని. రాత్రి పడుకొనఁబోవునపుడు మా యావిడ, మన యందఱి యలవాటు చొప్పున, గోడమీఁది స్విచ్చి ఆర్పెను. పెట్టె నిద్రించినది, కల్యాణము గడచినది. రిమోటుతో ఆర్పుట వేఱు, గోడస్విచ్చి ఆర్పుట వేఱు. రికార్డింగు చేయు రాత్రి రిమోటుతోనే ఆర్పవలెను, లేదా అసలు ఆర్పకుండ వదలవలెను. కార్యక్రమము ఆలస్యముగా మొదలగుట సామాన్యము కావున, ముందు పావుగంట, వెనుక గంట హెచ్చుగా సమయము పెట్టుఁడు.

రెండవయేఁట జరిగినది చెప్పుటకు నాకు మనసొప్పదు. అయినను చెప్పవలసినది అదియే. నాకు విద్యనొసఁగిన గురువుగారు పోతనగారి భాగవతము పురాణము చెప్పుచుండఁగా, ఒక శిష్యుఁడు క్యాసెట్లలోఁ బట్టియుంచెను. గురువుగారు గతించిన పిమ్మట ఆ క్యాసెట్లను పెన్‌డ్రైవులోనికి మార్చి నాకిచ్చెను. తొమ్మిది గంటల కంఠధ్వని. దానిలోఁ జోటు చాలయున్నది గదాయని, కల్యాణమును గూడ దానిలోనే దాఁచుదమని పెట్టెకుఁ దగిల్చితిని. తెఱమీఁద నింగ్లీషులో నొక ప్రశ్న వచ్చెను: ఫార్మాట్ చేయవలెనా? నేను ఇంగ్లీషు చదువలేనివాఁడను గాను. చదివితిని. ఆ మాటకు పలక తుడిచివేయుట యని యర్థమని మాత్ర మెఱుఁగను. పెట్టె తనకు వలసిన రీతిగా సర్దుకొనునని తలఁచి ఓకే నొక్కితిని. అర నిమిషములో గురువుగారి కంఠము పోయినది. అది తెలియక దానిమీఁదనే రాత్రి మూఁడు గంటల కల్యాణము రికార్డు చేసితిని.

పట్టణమున కంప్యూటరు నెఱిఁగిన యువకుని కడకుఁ గొనిపోయితిని. “తుడిచినంతమాత్రమున అన్నియుఁ బోవు, తాతగారూ; వెంటనే తెచ్చినచో చాలవఱకు తీయవచ్చును. దానిమీఁద వేఱొకటి వ్రాసినందువలన కష్టమైన”దని చెప్పెను. కొన్ని తునుకలు దొరకినవి. మాట మొదలుండును, చివర యుండదు. నా సహాధ్యాయి యొకరి యింట రెండు పాతక్యాసెట్లు బూజుపట్టి యుండఁగా, వానినుండి ఒక గంటసేపటి ప్రసంగము లభించెను. తొమ్మిది గంటలలో నాకు మిగిలినది అదియే.

కావున వినుఁడు. పెట్టెకుఁ దగిల్చు పెన్‌డ్రైవు క్రొత్తదై, ఖాళీదై యుండవలెను; దానిమీఁద “టీవీ” అని చీటి యంటింపవలెను. పెండ్లిచిత్రములు, పోయినవారి గొంతులు గల దానిని సెట్ టాప్ బాక్సు దరికి రానీయరాదు. అట్టివి రెండుచోట్ల, వీలైనచో రెండిండ్లలో నుంచవలెను. తాళపత్రములను మన పెద్దలు మఱల మఱల వ్రాయించి వేర్వేఱు గ్రామములలో నుంచినది దీనికే గదా. పొరపాటున తుడిచివేసినచో దానిమీఁద మఱేమియు వ్రాయక, ఊడఁదీసి తెలిసినవారికిఁ జూపుఁడు.

ఇంకొకటి. కేబులు పెట్టెలో దాఁచినది సామాన్యముగా ఆ పెట్టెలోనే యాడును. సంకేతపుతాళము వేసి దాఁచును గనుక, వేఱు పెట్టెలోను కంప్యూటరులోను తెఱచుకొనదు. పెట్టె చెడినచో దాఁచినదియుఁ బోవును. దానిని శాశ్వతభాండారముగా నమ్మరాదు. చూచి తుడుచుకొనుటకే అది తగినది. చిరకాల ముంచుకొనఁదగిన ప్రవచనములు, కల్యాణములు ఇప్పుడు పెక్కు ఇంటర్నెట్టులోఁ బ్రసారసంస్థలవారే యుంచుచున్నారు. ఇంటర్నెట్టు గల యింటివారు రికార్డింగు పెట్టె కొనక మునుపు, తమకుఁ గావలసిన కార్యక్రమము మఱునాఁడు అక్కడ దొరకునేమో చూచికొన్నచో ఆ వ్యయము తప్పవచ్చును. తీఁగయు, రికార్డింగును ఒక్క ప్రసంగములోఁ జేర్చుటకు ఇదియే కారణము.

ఈ యేఁట కల్యాణము సరిగా నెక్కినది. ప్రాతఃకాలమున అక్కయ్య స్నానముచేసి, తెఱముందు చాపమీఁదఁ గూర్చుండి, తలంబ్రాల ఘట్టము రెండుమాఱులు వెనుకకుఁ ద్రిప్పించుకొని చూచెను. మూఁడవమాఱు తానే త్రిప్పెదనని రిమోటు నడిగి పుచ్చుకొనెను. ఆపరేటరు పేరు, ఫోను సంఖ్య, మా కనెక్షను సంఖ్య, గోడస్విచ్చి ఆర్పరాదను మాట, ఎఱ్ఱదీపపు గుఱుతు, ఈ యైదింటిని పెద్ద యక్షరములతో నొక యట్టమీఁద వ్రాసి, పెట్టె ప్రక్కన మేకునకుఁ దగిల్చియున్నాను. అక్కయ్య దానిని కండ్లజోడు లేకుండ చదువఁగలదు.